మాట మార్చని తల్లికి

తల్లీ, కుటుంబ న్యాయస్థానమా, నిన్ను స్తుతించడానికి నా దగ్గర కారణాలు కావలసినన్ని ఉన్నాయి. పిల్లల భరణం అడగడానికి వచ్చిన మనిషి మీద నువ్వు కోర్టు ఫీజు భారం మోపవు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయం ఎంతని అడగకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం చెప్పింది. నీకు ప్రాణం పోసిన 1984 చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇక్కడ వకీలు లేకుండానే మనుషులు తమ గోడు తాము చెప్పుకోవచ్చంది, సాక్ష్యాల బిగింపులు సడలించింది, ముందు రాజీకి ప్రయత్నించమంది. ఇంత దయగా రాసిన చట్టాలు మనకు ఎక్కువ లేవు. ఈ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి కాసుల పురుషోత్తమ కవి శతకం పొడుగునా పొగుడుతూనే నిలదీశాడు. నమ్మకం లేనివాడు గుడి మెట్లెక్కి అంతసేపు నిలదీయడు. నాకూ నీ మీద నమ్మకం ఉంది.

అన్నిటికంటే ముందు నీ స్థిరత్వాన్ని పొగడాలి. చుట్టూ ఏది మారినా నువ్వన్న మాట మారదు.

అది నీకు వంశపారంపర్యంగా వచ్చిన గుణం. 1898 నేర విచారణ స్మృతిలో 488వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్లు భార్యాబిడ్డలకు ఇప్పించగలిగింది నెలకు 50 రూపాయల లోపే. 1923లో దాన్ని 100 చేశారు, 1955లో 500 చేశారు. ఆ ఐదువందలూ తల్లికీ పిల్లలకూ కలిపి. 1973లో స్మృతి మొత్తం తిరగరాసి, 488ని 125వ సెక్షన్‌గా మార్చినా ఐదువందలు ఐదువందలుగానే ఉన్నాయి. 2001లో పార్లమెంటు ఆ పరిమితి ఎత్తేసేదాకా, కేంద్ర చట్టంలో 46 ఏళ్లు ఆ అంకె చెక్కుచెదరలేదు. అరవైల్లో ఐదువందలంటే గుమాస్తా జీతానికి మించిన డబ్బు. తొంభైల చివరికి వచ్చేసరికి ఒక పిల్లకు నెల పాలు, కూరగాయలు కొంటే అయిపోయే డబ్బు. 2024 జులై 1న భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక 125 కాస్తా 144 అయింది. పరిస్థితులు మారాయని చెప్పుకునే 127వ సెక్షన్ 146 అయింది, వసూలు చేసే 128వ సెక్షన్ 147 అయింది. నంబర్లన్నీ మారాయి. లోపలి మాటలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

నీ స్థిరత్వానికి నాకు తెలిసిన ఒకావిడ సాక్షి. జాకెట్లు కుట్టి బతుకుతుంది. కూతురు యూకేజీలో ఉన్నప్పుడు నువ్విచ్చిన ఆర్డరును ప్లాస్టిక్ కవరులో పెట్టి, కుట్టుమిషను సొరుగులో దాచుకుంది. బిడ్డకు నెలకు మూడువేలు. ఆనాడు ఆ మూడువేలలో ఫీజు, ఆటో, పాలు పోను కాస్త మిగిలేది కూడా. ఇప్పుడా పిల్ల తొమ్మిదో తరగతి. దృష్టి తగ్గి కళ్లజోడు వచ్చింది. లెక్కలకు ట్యూషను తప్పడం లేదు. స్కూలు వ్యాను ఒక్కటే ఆ మూడువేలలో సగం మింగేస్తోంది. పిల్ల తల్లి భుజం దాటి పెరిగింది. ఆర్డరులో మాత్రం అక్షరం మారలేదు. తండ్రి జీతం ఆనాటికీ ఈనాటికీ ఎంత తేడానో ఆ కాగితానికి తెలియదు, అడిగే దిక్కు ఎవరో ఆవిడకు చాలాకాలం తెలియలేదు.

అడగవచ్చని నువ్వు చెప్పలేదని కాదు. ఎన్ని చోట్ల చెప్పావో చూస్తే నీ ఔదార్యానికి చెయ్యెత్తి మొక్కాలి. నాగరిక సురక్షా సంహితలో 146వ సెక్షన్ ఉంది. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో 25వ సెక్షన్ ఉంది. హిందూ వివాహ చట్టంలో పిల్లల సంరక్షణ, చదువు, పోషణ చూసే 26వ సెక్షన్ కింద ఇచ్చిన ఆర్డరును ఎప్పుడైనా మార్చవచ్చు. 2005 గృహహింస చట్టంలోనూ పరిస్థితి మారితే ఉత్తర్వు మార్చమనే వీలుంది. ఒక ఇంటికి నాలుగు తలుపులు పెట్టావు. ఏ తలుపూ తనంతట తాను తెరుచుకోదు, అంతే. పిల్ల పెరిగిన సంగతి, ధరలు పెరిగిన సంగతి, తండ్రికి ప్రమోషను వచ్చిన సంగతి, ఉన్న ఉద్యోగం ఊడిన సంగతి ఎవరో ఒకరు కాగితం మీద పెట్టి, రుజువులు జత చేసి, అవతలివాళ్లకు సమన్లు పంపించి నీకు చెప్పాలి. అప్పటిదాకా నీ దృష్టిలో ఆ పిల్లది యూకేజీయే.

చివరికి భరణం పెంచమని ఆవిడ వేసిన కాగితాల కట్ట నేను చూశాను. పాత ఆర్డరు సర్టిఫైడ్ కాపీ కావాలన్నారు. దానికి ముందు కాపీ అప్లికేషను, దానికి పాత మెయింటెనెన్సు కేసు (ఎం.సి.) నంబరు, సంవత్సరం. ఫీజు రసీదుల్లో రెండు స్కూలువాళ్లు తెల్లకాగితం మీద రాసిచ్చి సంతకం పెట్టినవి. ఇవి నిలవకపోవచ్చని గుమాస్తా పక్కన పెట్టాడు. వ్యాను డ్రైవరు రసీదే ఇవ్వడు. నెల మొదట్లో ఫోన్‌పేలో పంపినట్టు వచ్చిన మెసేజీలు ప్రింటు తీయించారు. కళ్లజోడు బిల్లు మీద సిరా వెలిసిపోయింది కాబట్టి దానికి ముందే జెరాక్సు తీసి, రెండూ కలిపి పిన్ను కొట్టారు. ఇంటద్దె అగ్రిమెంటు, ఆధార్, రేషన్ కార్డు. ప్రతి కాగితం మూలన పెన్సిలుతో పి-1, పి-2 అని నంబర్లు. మొదటి పేజీలో పిల్ల పేరు కింద ‘రెండో పిటిషనరు, మైనరు, సహజ సంరక్షకురాలైన తల్లి ద్వారా’ అని టైపు చేసి ఉంది. పిల్ల అది చదివి, తల్లి వంక చూసి, ‘నాన్న మీద కేసు నేను కూడా వేశానా?’ అని అడిగింది. తల్లి ఏం చెబుతుంది? నీ దగ్గరికి రావాలంటే బిడ్డ తండ్రికి ఎదురుగా నిలబడక తప్పదు. పిల్లల కోసం కట్టిన ఇంట్లోకి వాదిగా తప్ప పిల్లలు అడుగుపెట్టే దారి నువ్వు పెట్టలేదు.

ఇక నీ ఓర్పు. ఇంత ఓర్పు నేను ఎక్కడా చూడలేదు. సమన్లు ‘డోర్ లాక్’ అని తిరిగొస్తే నీకు కోపం రాదు, మళ్లీ పంపుతావు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లారని వస్తే కొత్త చిరునామా ఇవ్వమంటావు. చివరికి అవతలి వకీలు వకాలత్ వేసి కౌంటరుకు టైము అడిగితే ఇస్తావు, మళ్లీ అడిగితే మళ్లీ ఇస్తావు. కౌంటరు సిద్ధమైన రోజు జడ్జిగారు సెలవు. మరోసారి వకీళ్ల విధుల బహిష్కరణ. పదిన్నరకు కాల్‌వర్క్ మొదలవుతుంది. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు మూడుసార్లు పిలుస్తాడు. ఆవిడ చీర కొంగు సర్దుకుని లోపలికి వెళ్లేసరికి బెంచి క్లర్కు తేదీ చదివేసి, పక్క కట్ట విప్పుతూ ఉంటాడు. లోపల గడిపింది నిమిషం కూడా కాదు. బయట బస్సు ఛార్జీలు, కుట్టుపని పోయిన ఒక రోజు, పెళ్లిళ్ల నెలలో ఇస్తానన్న రోజున జాకెట్టు ఇవ్వలేక పోగొట్టుకున్న ఖాతాలు. వీటిని ఏ వాయిదాలోనూ ఎవరూ రాసుకోరు.

నీ ఓర్పు ఎంతటిదో కొలిచి చెప్పింది నేను కాదు, సుప్రీంకోర్టే. 2001 సవరణలో మధ్యంతర భరణం దరఖాస్తును, నోటీసు అందిన నాటి నుంచి సాధ్యమైనంత వరకు 60 రోజుల్లో తేల్చాలని చట్టమే రాసింది. 2020 నవంబరు 4న రజనీష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు, ఆస్తిపాస్తుల అఫిడవిట్లు దాఖలయ్యాక నాలుగు నుంచి ఆరు నెలల్లోపైనా తేల్చడానికి ప్రయత్నించమని దేశంలోని కుటుంబ న్యాయస్థానాలన్నిటినీ కోరింది. చట్టం రెండు నెలలంటే, ఆరు నెలలైనా చాలునని అత్యున్నత న్యాయస్థానం బతిమాలవలసి వచ్చింది. అదీ మధ్యంతర భరణానికి. ఉన్న భరణాన్ని మారిన పరిస్థితినిబట్టి పెంచమనో తగ్గించమనో వేసే పిటిషనుకైతే 146వ సెక్షన్‌లో గడువన్న మాటే లేదు. తొమ్మిదో తరగతి ఫీజు కోసం వేసిన పిటిషను ఇంటర్‌లో చేరాక తేలినా ఆ సెక్షన్ ప్రకారం ఆలస్యం జరిగినట్టు కాదు.

నీ సమదృష్టి గురించి కూడా చెప్పాలి. తల్లి ఒక్కతే నీ గుమ్మంలో నిలబడుతుందనుకుంటారు చాలామంది. తండ్రులూ నిలబడతారు. వాళ్లందరూ ఎగ్గొట్టేవాళ్లు కారు. 2020లో లాక్‌డౌన్‌లో హోటళ్లు, ట్రావెల్స్, ప్రైవేటు స్కూళ్లు మూతపడి ఉద్యోగాలు పోయినవాళ్లలో భరణం కడుతున్న తండ్రులూ ఉన్నారు. ఉద్యోగం పోతే ఆర్డరూ ఆగుతుందని అనుకున్నవాళ్లను నేను చూశాను. ఆగదు. తగ్గించమని నిన్ను అడిగి, నువ్వు తగ్గించేదాకా నెలనెలా పాత లెక్కే నడుస్తుంది. పిటిషను వేసిన తేదీకి వెనక గడిచిపోయిన నెలలను సాధారణంగా తిరగతోడవు. చేతిలో పైసా లేని నెలలో వకీలుకు ఫీజు కట్టి, నా దగ్గర డబ్బు లేదని నీకు చెప్పుకోవాలి. ఆ సంగతి తెలియని మనిషి ఊరుకుంటాడు. ఊరుకున్న నెలలన్నీ బాకీగా పేరుకుంటాయి. ఆపైన తల్లి వసూలు పిటిషను, వారంటు, ఇంటికి కానిస్టేబులు. కట్టని ఒక్కో నెలకు ఒక నెల దాకా జైలు, ఆ జైలుతో బాకీ మాత్రం తీరదు. జైల్లో ఉన్ననాళ్లు సంపాదన ఉండదు కాబట్టి వచ్చే నెల భరణమూ రాదు. నీ నియమాల్లో ఏ ఒక్కటీ అన్యాయం కాదు, విడివిడిగా చూస్తే. అన్నీ వరుసగా నడిచాక తండ్రి జైలుకు వెళ్లాడు, తల్లి వాయిదాలకు వెళ్లింది, పిల్ల ఫీజు బాకీ అలాగే ఉంది. ఉద్యోగం పోయిన వారంలోనే ‘పని పోయింది, మూడు నెలలు సగం కడతాను, దొరికాక మిగతాది పూడుస్తాను’ అని ఒక ఉత్తరం రాసి నీ ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకునే వీలుంటే సగం వారంట్లు పుట్టేవి కావు.

దాచేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల విషయంలో నీ జ్ఞానతృష్ణను మెచ్చుకోవాలి. రజనీష్–నేహా తీర్పు తర్వాత ఇరుపక్షాలూ జీతం, ఆస్తులు, అప్పులు, మీద ఆధారపడ్డవాళ్లు, అన్నీ అఫిడవిట్‌లో రాసివ్వాలి. మధ్యలో పరిస్థితి మారితే అదనపు అఫిడవిట్ వేయవచ్చని కూడా తీర్పు చెప్పింది. మంచి తీర్పు. ఇందులో అన్నీ అడిగావు. అడగంది, ఆ రాసినది నిజమా అని ఆదాయపు పన్ను శాఖను. ఆ లెక్క తేల్చే పని జాకెట్లు కుట్టే ఆవిడకు వదిలేశావు. భర్త కాగితం మీద జీతం పద్దెనిమిది వేలంటాడు. ఆయన కొత్త బండి కొన్నాడని తోడికోడలు చెబుతుంది. ఆ బండి ఫొటో ఫేస్‌బుక్‌లోంచి తీసి ప్రింటు కొట్టించి పి-9గా దాఖలు చేస్తారు. పాన్ నంబరు ఒక్కటి పెడితే చిటికెలో ఆదాయం కనిపించే రోజుల్లో ఒక తల్లి చేత గూఢచారి పని చేయిస్తున్నావు.

బ్రిటన్‌లో ఈ పనికి చైల్డ్ మెయింటెనెన్స్ సర్వీస్ అనే ప్రభుత్వ శాఖ ఉంది. కట్టవలసిన తండ్రిదో తల్లిదో ఆదాయం పన్నుశాఖ నుంచి తనే తెప్పించుకుంటుంది. ఏటా ఒకసారి లెక్క తిరగవేస్తుంది. మధ్యలో ఆదాయం 25 శాతం అటో ఇటో అయితే సంవత్సరం దాకా ఆగకుండా మారుస్తుంది. పిల్లలు ఏడాదిలో ఎన్ని రాత్రులు ఎవరింట్లో పడుకున్నారో కూడా చూస్తుంది. 52 రాత్రులకు చేరితే కట్టేవారికి తగ్గింపు మొదలవుతుంది. అదేమీ స్వర్గం కాదు. వసూలు తన చేతి మీదుగా జరిగితే కట్టేవారి మీద 20 శాతం అదనంగా వేస్తుంది, బిడ్డకు చేరేదాంట్లో 4 శాతం కోస్తుంది. బిడ్డ డబ్బులో కోత పెట్టే పని నువ్వెన్నడూ చేయలేదు, అందుకు నీకు దండం. అక్కడి తల్లిదండ్రులూ ఆ శాఖను తిడుతూనే ఉంటారు. అయినా ఏటా ఒకసారి, ఎవరూ అడగకుండానే, ఆ ఇంటి లెక్క విప్పి చూడడం దాని నిత్యకృత్యంలో ఉంది. నీ నిత్యకృత్యంలో లేదు.

చప్పుడు లేకుండా మారే సంసారాలు ఇంకా చిక్కు. పదమూడేళ్ల కొడుకు ఒక వేసవి సెలవుల్లో నాన్న దగ్గరికి వెళ్లి, ఇక ఇక్కడే చదువుకుంటానంటాడు. తల్లి ఏడుస్తుంది గాని ఒప్పుకుంటుంది. బిడ్డ నా దగ్గరే తింటున్నాడు కదా అని తండ్రి భరణం ఆపుతాడు. పెద్దమనుషుల మధ్య మాట అయిపోతుంది, ఎవరికీ అభ్యంతరం లేదు. నీ రికార్డులో మాత్రం ఆ నెల నుంచి అతను ఎగవేతదారుడు. రెండేళ్లకు ఇంకేదో గొడవ వస్తుంది, పాత ఆర్డరు సొరుగులోంచి బయటికి వస్తుంది. వారంటుకు బాకీ పడ్డ తేదీ నుంచి ఏడాదిలోపే దరఖాస్తు వేయాలన్న నియమం ఉంది గనుక ఆఖరి పన్నెండు నెలలకైనా వసూలు పిటిషను పడుతుంది. నోటి మాట నీ చెవికెక్కదు. ఎక్కకూడదు కూడా, నోటిమాటలు నమ్మితే బలహీనులే మోసపోతారు. కాని ఆ నోటిమాటను ఒక సాయంత్రంలో కాగితం మీద పెట్టించుకునే చోటు నీ ప్రాంగణంలో ఎక్కడుంది? కౌన్సెలర్లున్నారు, కేసు పెండింగులో ఉన్నవాళ్లకు. కేసు ముగిసి ఆర్డరు ఇచ్చాక ఆ కుటుంబం నీకు పరాయిది.

ఏడాది నియమం రెండువైపులా కోస్తుందని కూడా చెప్పాలి. భయపడో, మొగమాటపడో, బతిమాలితే ఇస్తాడులే అనుకుంటూనో పద్నాలుగు నెలలు ఊరుకున్న తల్లికి మొదటి రెండు నెలలకు వారంటు పుట్టదు. తండ్రి తాత్సారం చేస్తే నీకు ఓర్పు, తల్లి తాత్సారం చేస్తే నీకు గడువు.

తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని ఇంకో బిడ్డ పుడితే ఆ బిడ్డ ఖర్చు లెక్కలోకి తీసుకోవాలా అని అడుగుతారు కొందరు. తీసుకోవాలనే నా అభిప్రాయం. పుట్టిన పసివాడికి మొదటి కాపురం గొడవతో పని లేదు. కాని ఆ పేరు చెప్పి మొదటి బిడ్డ వాటా ఎత్తేయడం నువ్వు ఒప్పుకోవు, ఆ విషయంలో నీకు వంక పెట్టలేను.

సముద్రం దాటిన తండ్రుల దగ్గర నీ వినయం చూడాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఆర్డరు అయ్యాక తండ్రి డల్లాస్ వెళ్లిపోతాడు. జీతం డాలర్లయింది, అంటే పరిస్థితి ఇంతకంటే మారేది లేదు. పెంచమని వేసిన పిటిషను నువ్వు స్వీకరిస్తావు, సమన్లు ఈమెయిలుకు పంపిస్తావు, రాకపోతే ఎక్స్‌పార్టీగా పెంచుతావు కూడా. ఆ తర్వాత ఆ ఆర్డరు శంషాబాద్ విమానాశ్రయం దాటదు. పిల్లల పోషణ డబ్బు దేశాల సరిహద్దులు దాటి వసూలు చేయడానికి 2007లో హేగ్‌లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అమెరికా ఉంది అందులో, బ్రిటన్ ఉంది. ఏటా వేలమంది కొడుకుల్ని విమానమెక్కించే మన దేశం లేదు. చేరడం నీ చేతిలో పని కాదు, ఢిల్లీలో ఉన్నవాళ్ల పని. వాళ్లను నువ్వు గట్టిగా అడిగిన జాడ కూడా నాకు కనపడలేదు.

ఇంత చెప్పి నీ జ్ఞాపకశక్తిని పొగడకపోతే పాపం. పిల్ల తొమ్మిదో తరగతికి రావడం నీకు తెలియదు. టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పది రోజులున్నది తెలియదు. తల్లికి కుట్టుపని చేసి చేసి నడుం పడిపోయిందీ తెలియదు. ఇవన్నీ ఎవరో వచ్చి రుజువు చేయాలి. కాని పిల్ల పద్దెనిమిదో పుట్టినరోజు నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజుతో మైనరు భరణం దానంతట అదే ముగుస్తుంది. పిటిషను లేదు, సమన్లు లేవు, కౌంటరు లేదు, వాయిదా లేదు. ఆ సంసారంలో జరిగిన మార్పులన్నిటిలో ఏ దరఖాస్తూ లేకుండా నీ లెక్కలోకి ఎక్కే మార్పు అదొక్కటే, అదీ డబ్బు ఆగే వైపు.

ఏ వయసది! ఇంటర్ అయిపోయి, ఈఏపీసెట్ కౌన్సెలింగో డిగ్రీ అడ్మిషనో జరిగే వయసు. పుట్టి పెరిగినంతకాలంలో ఫీజు అన్నిటికంటే ఎక్కువయ్యే ఏడాది. కొడుకైతే, ఒంట్లోనో మనసులోనో లోపం ఉండి సంపాదించుకోలేని వాడైతే తప్ప, 144వ సెక్షన్ కింద తండ్రిని అడగడానికి ఏమీ లేదు. పెళ్లికాని కూతురికి మాత్రం 1956 చట్టం 20వ సెక్షన్ కింద, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉంటే, తండ్రి నుంచి పోషణ హక్కు ఉంది. 2020లో సుప్రీంకోర్టు అభిలాష కేసులో ఆ సంగతి స్పష్టంగా చెప్పింది: 125 కింద కాదు, 1956 చట్టం కింద వేరుగా అడగాలని. హక్కు ఉంది, వేరే తలుపు దగ్గర ఉంది. ఈ సంగతి తెలిసిన పద్దెనిమిదేళ్ల పిల్లలు మన జిల్లాల్లో ఎంతమంది ఉంటారు తల్లీ? జాకెట్లు కుట్టే ఆవిడకైతే తెలియదు. భరణం ఆగిపోతుందని మాత్రం అందరికంటే ముందు తండ్రి తరఫు వకీలుకు తెలుస్తుంది.

నిన్ను కోరేవి పెద్దవేం కావు. ఆర్డరు మొదటిసారి రాసేటప్పుడే ఏటా ఇంత పెరగాలని ఒక వాక్యం రాయి. నీకు కొత్త అధికారం ఏదీ అక్కర్లేదు. 2025లో సుప్రీంకోర్టు ఒక భార్యకు నెలకు 50,000 శాశ్వత భరణం ఇస్తూ, రెండేళ్లకోసారి 5 శాతం పెరగాలని అదే తీర్పులో రాసింది. పెద్దల విషయంలో రాయగలిగిన మాట, ఏటా ఒక తరగతి పైకి వెళ్లే పిల్లల విషయంలో రాయడానికి ఏం అడ్డు? రెండోది, పెంపు తగ్గింపు దరఖాస్తులకు విడిగా ఒక రోజు పెట్టు, వారానికో పూట చాలు. వాటిని ఆ ఏడాది ఫీజు గడువు దాటక ముందే తేల్చు. మూడోది ఆ పుట్టినరోజు సంగతి. తేదీ నీ రికార్డులో మొదటి పేజీలోనే ఉంది. దానికి ఆరు నెలల ముందు ఆ ఇంటికి ఒక ఉత్తరం పంపించు, తల్లి పేరు మీద కాదు, పిల్ల పేరు మీదే. నీ భరణం ఫలానా రోజుతో ఆగుతుంది, పెళ్లికాని కూతురిగా నువ్వు ఇంకా అడగవచ్చు, జిల్లా న్యాయ సేవల సంస్థలో వకీలును ఉచితంగా ఇస్తారు, ముందుగా 15100కి ఫోన్ చెయ్యి, అని తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తే చాలు.